పంచినదెంత? పిల్లలకు ఒరిగినదెంత?

మదీనా ఊరి వెలుపల ఒక వర్తక బిడారు దిగింది. ఆ రాత్రి వారి సరుకులకు కాపలాగా ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి), హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) మేలుకొని ఉన్నారు. ఒకవైపు నుంచి పసిబిడ్డ ఏడుపు వినవచ్చింది. ఉమర్ (రజి) వెళ్లి బిడ్డను ఊరుకోబెట్టమని తల్లికి చెప్పి వచ్చారు. కాసేపటికి మళ్లీ ఏడుపు. మళ్లీ వెళ్లారు. తెల్లవారుజామున మూడోసారి కూడా ఏడుపు వినిపించేసరికి ఆయన ఆ తల్లిని గట్టిగానే మందలించారు. ఎదురుగా నిలబడినది ఎవరో ఆమెకు తెలియదు. అసలు సంగతి చెప్పేసింది. బిడ్డ చేత పాలు మాన్పించాలని చూస్తున్నానని, వాడు మానడం లేదని చెప్పింది. ఇంకా నెలల పిల్లవాడే, అంత తొందరేమిటని ఆయన అడిగారు. పాలు మానిన పిల్లలకే కదా ఉమర్ భత్యం రాసేది అని ఆమె బదులిచ్చింది.

ఆ ఉదయం ఫజ్ర్ నమాజులో ఖలీఫా ఎంతగా దుఃఖించారంటే, ఆయన ఏం పఠిస్తున్నారో వెనుక వరుసల వారికి సరిగా వినపడలేదట. తన వల్ల ఎందరు పసివాళ్లు నష్టపోయారోనని కుమిలిపోయారు. నమాజు ముగియగానే ఊరంతా చాటింపు వేయించారు. తొందరపడి పాలు మాన్పించవద్దనీ, ఇకమీదట పుట్టిన ప్రతి బిడ్డకూ భత్యం ఉంటుందనీ.

ఈ ఉదంతాన్ని మన మసీదుల్లో ఖలీఫా గారి దయకు, దైవభీతికి ఉదాహరణగా చెబుతారు. పాతికేళ్లుగా నేనూ మా మదర్సా పిల్లలకు అలాగే చెప్పాను. అందులో మరొక సంగతి ఉందని నాకు తట్టింది ఆలస్యంగానే. ఒకసారి ఆలోచించండి. బైతుల్ మాల్ నుంచి సొమ్ము సక్రమంగానే వెళుతోంది. దొంగతనం లేదు, పక్షపాతం లేదు. రిజిస్టరు తెరిచి చూస్తే ఒక్క తప్పు కనిపించదు. ఉద్దేశం కూడా మంచిదే. అయినా ఆ పథకంలోని ఒక చిన్న షరతు మూలంగా పసివాడు రాత్రంతా పాలకోసం ఏడుస్తున్నాడు. ఆ నిజం దఫ్తరులో దొరకలేదు. తల్లిని అడిగితే దొరికింది.

సాయం చేసేవారు ఈ అడగడమనే పనిని ఎందుకు వదిలేస్తున్నారన్నదే నా బాధ. 'సాయం చేసేవారు' అంటే ఎక్కడో న్యూయార్కులోనూ జెనీవాలోనూ కూర్చున్న పెద్ద సంస్థలని అనుకోకండి. మొదట నా మాటే చెబుతాను.

2017 ఆగస్టు చివర మియన్మార్‌లోని రఖైన్ ప్రాంతం నుంచి రోహింగ్యాలు ప్రాణాలు అరచేత పెట్టుకుని బంగ్లాదేశ్‌కు పారిపోయారు. కొద్ది నెలల్లోనే ఆ సంఖ్య ఏడు లక్షలు దాటింది. ఆ వార్తలు చదివి సిద్దిపేటలో మేమూ చలించాం. కాక్స్ బజార్‌కు డబ్బు పంపే దారి మాకు తెలియదు. అయితే అంతకు అయిదారేళ్ల ముందు నుంచే వచ్చి హైదరాబాదులో, బాలాపూర్ చుట్టుపక్కల తలదాచుకున్న రోహింగ్యాలు వేల సంఖ్యలో ఉన్నారు. వారికే సాయం చేద్దామని జుమా నమాజు తరువాత చాదర్ పరిచాం. మూడు వారాల్లో మేం అనుకున్న దానికంటే ఎక్కువే పోగైంది. చలికాలం కదా అని దుప్పట్లు కొన్నాం. డీసీఎం వ్యాను మాట్లాడుకుని, ఇంటికి రెండు చొప్పున పంచి, ఫొటోలు దిగి, ఇషా వేళకు సంతృప్తిగా ఇల్లు చేరాం.

రెండు నెలల తరువాత వేరే పని మీద హైదరాబాదు వెళ్లి, పనిలో పనిగా ఆ బస్తీకి పోయాను. మేం ఇచ్చిన దుప్పట్లు ఎక్కడా కంటబడలేదు. ఒక తల్లిని అడిగాను. వచ్చీరాని ఉర్దూలో, కోపం చేయవద్దు హజ్రత్ అంటూ మొదలుపెట్టింది. ఆ చలికాలంలో మాకంటే ముందే మూడు నాలుగు చోట్ల నుంచి వచ్చినవాళ్లు కూడా దుప్పట్లే తెచ్చారట. గుడిసెలో పెట్టుకునే జాగా లేదు. పాపకు వాంతులు, విరేచనాలు పట్టుకుంటే మందులకు చేతిలో పైసా లేక మా దుప్పట్లు రెండూ అమ్మేసింది. ఎంతకు అమ్మావమ్మా అంటే చెప్పడానికి సిగ్గుపడింది. చివరికి చెప్పింది. మేం కొన్న ధరలో పావు వంతు కూడా రాలేదు.

మా రసీదు పుస్తకంలో ఆ దుప్పట్లు ఇప్పటికీ 'పంపిణీ పూర్తి' అనే ఉన్నాయి. అది అబద్ధమూ కాదు. కానీ ఆ పసిపిల్ల విషయంలో ఆ రెండు మాటలకు అర్థమేమిటి? ఇచ్చింది ఒక లెక్క, అందింది ఒక లెక్క, దానివల్ల ఒరిగింది మరొక లెక్క. మన దగ్గర మొదటిదే ఉంటుంది. రెండోది అప్పుడప్పుడు ఉంటుంది. మూడోది అడిగితే, అల్లాహ్‌కు తెలుసు అంటాం. అల్లాహ్‌కు తెలుసు, నిజమే. మనకు తెలియవలసిన అవసరం లేదని ఎవరన్నారు?

బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్న ఒక హదీసు పాఠకులకు గుర్తుండే ఉంటుంది. దైవప్రవక్త (స) ఒక వ్యక్తిని బనూ సులైమ్ తెగవారి వద్ద జకాత్ వసూలుకు పంపారు. అతడు తిరిగివచ్చి కొంత సొమ్ము అప్పగించి, మిగిలినది తనకు కానుకగా వచ్చిందన్నాడు. ప్రవక్త (స) ఆగ్రహించారు. అతడు తల్లిదండ్రుల ఇంట్లోనే కూర్చుని ఉంటే ఆ కానుక వచ్చేదా అని నిలదీశారు. లంచం గురించిన హదీసుగా దీన్ని బోధిస్తాం, సరైనదే. కానీ ఆ ప్రశ్న తీరు గమనించండి. ఇది లేకపోయి ఉంటే అది జరిగేదా? ఈనాడు సహాయ పథకాలను పరిశీలించే పండితులు పెద్ద పెద్ద లెక్కలు వేసి తేల్చాలని చూసేది ఈ ఒక్క ప్రశ్ననే. పథకం వచ్చిన తరువాత పిల్లవాడు బాగుపడ్డాడు, సంతోషం. పథకం రాకపోయినా బాగుపడేవాడా? బాగుపడని చోట, పథకం లేకపోతే ఇంకా చితికిపోయేవాడా?

దీనికి మన గడ్డ మీదనే ఒక మంచి ఉదాహరణ ఉంది. ఉమ్మడి మెదక్ జిల్లా వాళ్లెవరూ 2002వ సంవత్సరాన్ని మరచిపోయి ఉండరు. వానలు ముఖం చాటేశాయి. చెరువులు నెర్రెలు బారాయి, బోర్లు ఎండిపోయాయి, ఊళ్లకు ఊళ్లు వలసబాట పట్టాయి. అప్పటికి బడిపిల్లలకు ప్రభుత్వం ఇస్తున్నది ఏమిటంటే బియ్యం. 1995 ఆగస్టు 15న మొదలైన పథకం కింద, బడికి సరిగా వచ్చే పిల్లవాడికి నెలకు మూడు కిలోలు. పిల్లవాడి పేరున ఇచ్చిన ఆ మూడు కిలోలు ఇంటికి చేరాక ఇంటిల్లిపాది కుండలో కలిసిపోయేవి. తల్లి ఏం చేస్తుంది? ఒక్కడికే వండి పెడుతుందా? ఆ సంగతి తెలియక కాదు, బియ్యం పంచడం వండడం కంటే తేలిక కాబట్టి అలా నడిచింది.

2001 నవంబరు 28న సుప్రీంకోర్టు, ఆహార హక్కు కేసులో, ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో వండిన భోజనమే పెట్టాలని ఆదేశించింది. కనీసం 300 క్యాలరీలు, 8 నుంచి 12 గ్రాముల మాంసకృత్తులు, ఏడాదికి 200 రోజులు. గడువు ఆరు నెలలు ఇస్తే, మన రాష్ట్రంలో 2003 జనవరిలో పొయ్యి వెలిగింది. అప్పుడు ఎన్ని మాటలు విన్నామో! బడి కాస్తా హోటలైందని కొందరు సార్లు గొణిగారు. పురుగుల అన్నం, నీళ్ల చారు అని పత్రికలు రాశాయి. అందులో నిజమూ ఉంది. ఎన్ని టన్నుల బియ్యం ఎత్తారో, ఎన్ని బడుల్లో వండారో లెక్కలున్నాయి. పిల్లల ఒంటికి ఏమైనా పట్టిందా అంటే మాత్రం జవాబు లేదు.

ఆ జవాబు వేరొక చోటి నుంచి వచ్చింది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు ఇథియోపియా, పెరూ, వియత్నాం, ఇండియా నాలుగు దేశాల్లో పేద పిల్లలను ఏళ్ల తరబడి వెంబడించి చూసే 'యంగ్ లైవ్స్' అనే పరిశీలన చేపట్టారు. ఇండియాలో అందుకు ఎంచుకున్నది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌నే. హైదరాబాదులోని ఆర్థిక, సామాజిక అధ్యయనాల కేంద్రం అందులో భాగస్వామి. మన పొరుగున ఉన్న కరీంనగర్, ఆ పక్క మహబూబ్‌నగర్, ఇంకా అనంతపురం, శ్రీకాకుళం వంటి జిల్లాల్లో 2002లో, అప్పటికి ఏడాది నిండిన పిల్లలు సుమారు రెండు వేల మందిని, ఎనిమిదేళ్ల పిల్లలు వెయ్యి మందిని నమోదు చేసుకున్నారు. ఎత్తు కొలిచారు, బరువు తూచారు, తల్లులతో మాట్లాడారు. కొన్నేళ్లకు మళ్లీ అవే ఇళ్లకు వెళ్లారు. మళ్లీ కొలిచారు. వెళ్లిపోయినవాళ్లు మళ్లీ రావడం అన్నదే ఇక్కడ అసలు విశేషం.

అభిజీత్ సింగ్, ఆల్బర్ట్ పార్క్, స్టెఫాన్ డెర్కాన్ అనే ముగ్గురు పరిశోధకులు ఆ కొలతలను పట్టుకుని మధ్యాహ్న భోజనం సంగతి తేల్చే పని పెట్టుకున్నారు. చూడటానికి సులువుగా ఉంటుంది. అన్నం తినే పిల్లలను, తినని పిల్లలను పక్కపక్కన నిలబెట్టి తూస్తే సరిపోదా? సరిపోదు. సర్కారు బడిలో తినేది ఎవరు? పేదింటి పిల్లలు. ప్రైవేటు బడికి డబ్బా కట్టుకుని పోయేది ఎవరు? కాస్త ఉన్నవాళ్ల పిల్లలు. ఇద్దరినీ తూచి, తినేవాళ్లే బక్కగా ఉన్నారు కాబట్టి ఆ అన్నం దండగ అని ఎవరైనా అంటే, ఆసుపత్రిలో ఉన్నవాళ్లంతా జబ్బువాళ్లే కాబట్టి ఆసుపత్రి వల్లే జబ్బులొస్తున్నాయి అన్నట్టుంటుంది. అందుకని వాళ్లు పిల్లలు ఏ వయసులో బడిలో చేరుతున్నారన్న దాన్ని ఆధారం చేసుకుని ఆ తేడాను సరిచేసి లెక్క కట్టారు. 2014లో అచ్చయిన వారి నిర్ధారణ ఇది. కరువు దెబ్బ తగిలిన ఇళ్లలో పసితనంలో ఎదుగుదల కుంటుపడిన పిల్లలు, బడిలో చేరి మధ్యాహ్న భోజనం తిన్నాక, పోగొట్టుకున్న ఎత్తును, బరువును చాలావరకు తిరిగి తెచ్చుకున్నారు. ఆ నీళ్ల చారే కరువుకు అడ్డం నిలిచింది.

ఈ సంగతి తెలియడం వల్ల ఏమైంది అని అడగవచ్చు. పిల్లల కడుపు నింపే పథకం మీద ఎవరైనా కత్తెర పెట్టబోతే, జాలి చూపండి అని బతిమాలుకోవడం వేరు, ఇదిగో లెక్క అని చూపించడం వేరు.

ఇది మన ముంగిట్లోని కరువు మాట. యుద్ధం వచ్చి ఇల్లూ ఊరూ వదిలి పరాయి దేశంలో పడ్డవారి సంగతి వేరు, అక్కడ ప్రాణాలు నిలబెట్టడమే గొప్ప, కొలతలెక్కడ కుదురుతాయి అని మిత్రులు అంటుంటారు. కుదిరింది. సిరియా యుద్ధం నుంచి పారిపోయి 2014 నాటికి పది లక్షలకు పైగా జనం చిన్న దేశమైన లెబనాన్‌లో చేరారు. 2013 నవంబరు నుంచి 2014 ఏప్రిల్ వరకు ఆ చలికాలానికి ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఒక్కో కుటుంబానికి 575 డాలర్లు ఏటీఎం కార్డు ద్వారా ఇచ్చింది. అందరికీ సరిపడా డబ్బు లేదు. కొండ ఎక్కే కొద్దీ చలి ఎక్కువ కనుక సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉన్నవారికే ఇస్తామన్నారు. ఇంటర్నేషనల్ రెస్క్యూ కమిటీ వారు ఆ గీతనే వాడుకున్నారు. గీతకు కాస్త పైన ఉన్న కుటుంబాలనూ కాస్త దిగువన ఉన్న కుటుంబాలనూ కలిసి మాట్లాడారు. ఇద్దరి బతుకులూ ఒకటే, చలీ దాదాపు ఒకటే. తేడా అల్లా ఆ కార్డు ఒక్కటే.

తేలిందేమిటి? డబ్బు ఇచ్చింది చలి కాచుకునే నూనెకు, పొయ్యిలకు. ఎక్కువ భాగం ఖర్చయింది తిండికి, తాగునీటికి! మనలో చాలామంది ఇది వినగానే పెదవి విరుస్తారు. చూశారా, దేనికిస్తే దేనికి వాడుకున్నారో అంటారు. నేనూ ఒకప్పుడు అలాగే అనేవాడినేమో, బాలాపూర్‌లో ఆ తల్లిని చూడకపోయి ఉంటే. ఆకలి, చలి రెండూ గుమ్మంలో ఉన్నప్పుడు దేన్ని ముందు తరమాలో తల్లికే బాగా తెలుసు. ఇక అదే పరిశీలనలో మరో రెండు సంగతులు బయటపడ్డాయి. కార్డు అందిన ఇళ్లలో పిల్లలను పనికి పంపడం తగ్గింది. బడికి పోవడం పెరిగింది. డబ్బు పంచితే బజారులో ధరలు మండిపోతాయని భయపడ్డారు, అలాంటిది పెద్దగా జరగలేదు. ఇచ్చిన ప్రతి డాలరూ చేతులు మారి లెబనాన్ బజారులో రెండు డాలర్లకు పైగా రాబడి పుట్టించిందని కూడా లెక్క తేల్చారు. దుప్పట్లు పంచితే ఇదంతా జరిగేదా? నాకు మా డీసీఎం వ్యాను గుర్తుకొచ్చింది.

అయితే నగదే అన్నిటికీ మందు అని నేను అనడం లేదు. పిల్లవాడికి వండి పెట్టిన అన్నం ఇంటికిచ్చిన బియ్యం కంటే పిల్లవాడికి తిన్నగా చేరుతుంది. లెబనాన్‌లో డబ్బు మేలు చేసింది. బజారులో సరుకే దొరకని చోట డబ్బు కాగితమే. గాజాలో యుద్ధకాలంలో ఇది లోకమంతా చూసింది, గోధుమపిండి బస్తాయే లోపలికి పోనప్పుడు కార్డు ఏం చేసుకుంటారు? అందుకే ప్రతిచోటా అడగాలి, ప్రతిసారీ అడగాలి అంటున్నాను.

ఇంకొకటి. ఎవరికి ఇచ్చామో వారినే అడిగితే సగమే తెలుస్తుంది. ఎవరికి రాలేదో వారిని కూడా వెతకాలి. 2018 ఆగస్టులో తెలంగాణలో రైతు బీమా వచ్చింది. 18 నుంచి 59 ఏళ్ల లోపు రైతు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి అయిదు లక్షలు. మన దుబ్బాక, గజ్వేల్ వైపు అప్పుల బాధతో ఎంతమంది రైతులు ప్రాణాలు తీసుకున్నారో ఈ జిల్లావాళ్లకు చెప్పనక్కరలేదు. ఎల్‌ఐసీ ద్వారా సొమ్ము ఆ ఇళ్లకు తొందరగానే చేరేది. పాత పద్ధతిలో మాదిరి ఆఫీసుల చుట్టూ తిరిగి అది ఆత్మహత్యే అని నిరూపించుకోవలసిన దుస్థితి తప్పింది. మంచి పథకమే. కానీ అది పట్టా పాసుపుస్తకం ఉన్నవారికి. భూమి కౌలుకు తీసుకుని, పెట్టుబడికి వడ్డీకి తెచ్చి, పంట పోయి చనిపోయినవాడి పేరు పాసుపుస్తకంలో ఎక్కడుంటుంది? వాడి భార్యాబిడ్డలను లబ్ధిదారుల జాబితా పట్టుకుని తిరిగితే కలుసుకోలేం, ఎందుకంటే ఆ జాబితాలో వారు లేరు. పాలు మానిన బిడ్డకే భత్యం అన్న షరతు లాంటిదే ఇదీ. రాసినవాడి మనసులో చెడు లేదు.

కరువు ఏడాదిలో హజ్రత్ ఉమర్ (రజి) మదీనాలో అన్నం వండించి పెట్టించినప్పుడు, వచ్చి తిన్నవారిని లెక్కించడంతో ఆగలేదు. రాలేకపోయిన రోగులనూ పిల్లలనూ వేరుగా లెక్కించమన్నారని చరిత్రకారులు రాశారు. మన కమిటీల్లో ఎందరు రెండో లెక్క వేస్తున్నారు?

ఈ పని ఇప్పుడు మరింత అవసరమైంది. 2025 జనవరిలో అమెరికా ప్రభుత్వం విదేశీ సాయాన్ని నిలిపివేసింది. యూఎస్‌ఎయిడ్ అనే వారి సంస్థ ఆ జులై 1న మూతపడింది. ఎన్నో దేశాల్లో ఆసుపత్రులు, పోషకాహార కేంద్రాలు ఇబ్బందుల్లో పడ్డాయి. ఎక్కువమంది గమనించని నష్టం మరొకటి ఉంది. పేద దేశాల్లో ఎంతమంది పిల్లలు చనిపోతున్నారో, ఎంతమంది ఎదుగుదల లేక గిడసబారిపోతున్నారో ఇంటింటికీ తిరిగి తేల్చే సర్వేలు 1984 నుంచి దాదాపు తొంభై దేశాల్లో ఆ డబ్బుతోనే నడిచాయి. 2025 ఫిబ్రవరిలో ఆ ఒప్పందమూ రద్దయింది. గింజలతో పాటు కుంచాన్ని కూడా పట్టుకుపోయారన్నమాట. ఉన్న కొద్దిపాటి సాయాన్ని ఎక్కడ పెడితే ఎక్కువమంది పిల్లలు బతుకుతారో తెలుసుకునే దారి మూసుకుపోతే, గట్టిగా అరిచినవాడికే సాయం పోతుంది.

మనవాళ్ల దగ్గర ఈ మాట ఎత్తితే వచ్చే మొదటి అభ్యంతరం ఖర్చు. పేదవాడికి చేరవలసిన సొమ్మును కాగితాలకూ ఫోన్లకూ తగలేస్తారా అంటారు. నూటికి నూరు రూపాయలూ పేదలకే అని బ్యానరు కట్టిన సంస్థకే చందాలు ఎక్కువ వస్తాయి. ఇది ఎంతవరకు సమంజసం? దివ్య ఖుర్‌ఆన్ తౌబా సూరా 60వ ఆయతులో జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలను పేర్కొంటూ, పేదలు, అభాగ్యుల వెంటనే ఆ పనిని నిర్వహించే ఉద్యోగులను కూడా చేర్చింది. అంటే ఈ పని ఉచితంగా సాగదని అల్లాహ్ స్వయంగా లెక్కలోకి తీసుకున్నాడు. అయితే మన దేశంలో ప్రైవేటు కమిటీల మనుషులు ఆ నిర్వచనంలోకి వస్తారా రారా అన్న విషయంలో ఉలమాల మధ్య భేదాభిప్రాయం ఉంది. హనఫీ ఉలమాలు చాలామంది ఒప్పుకోరు, నా ఉస్తాదులూ ఒప్పుకునేవారు కాదు. కాబట్టి జకాత్ సొమ్మును ముట్టుకోవద్దు. లిల్లాహ్ పద్దు ఉంది, అతియా పద్దు ఉంది. అందులోంచి తీయండి. బ్యానరు ముద్రణకు అందులోంచే తీస్తున్నాం కదా!

ఖర్చు కూడా మనం భయపడేంత ఏమీ కాదు. 2018 మేలో రైతుబంధు చెక్కులు పంచినప్పుడు, చీటీ వేసినట్టుగా ఎంపిక చేసిన కొన్ని మండలాల్లో అధికారులకు ముందుగా ఒక మాట చెప్పారు. చెక్కు అందిందా లేదా అని మీ మండలం రైతులకు ఫోన్ చేసి అడుగుతామని. అంతే. ఆ మండలాల్లో చెక్కులు అందినవారి సంఖ్య మిగతా చోట్ల కంటే కొద్దిగా పెరిగింది. కొద్దిగానే, కానీ అలా అదనంగా చేరిన సొమ్ము ముందు ఫోన్ల ఖర్చు లెక్కలోకి రానంత చిన్నది.

రెండో అభ్యంతరం దీనికంటే బరువైనది, దాన్ని నేను కొట్టిపారేయను. కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదన్న మర్యాద మనది. ఇచ్చినవాడే మళ్లీ గుమ్మంలో నిలబడి, మేమిచ్చింది ఏం చేశావు అని అడిగితే అది పరామర్శా, తనిఖీనా? కడుపు కాలినవాళ్లకు ఆత్మాభిమానం ఉండదా? పైగా ఇచ్చినవాడు అడిగితే నిజం రాదు. అంతా బాగుంది సాబ్, అల్లాహ్ మీకు మేలు చేయుగాక అంటారు. రేపు మళ్లీ మన అవసరం పడుతుందని వారికి తెలుసు. కనుక పంచినవాడు అడగకూడదు, మరొకరు అడగాలి. ఆడవాళ్ల దగ్గరకు ఆడవాళ్లే పోవాలి. పేరు రాయకూడదు, ఫొటో అసలే వద్దు. ఈ జవాబు వల్ల నీకు వచ్చేది ఆగదు అని మొదటి మాటగా చెప్పాలి. అల్లాహ్ సాక్షిగా అంటున్నాను, అడగడం కంటే ఎక్కువ అవమానం ఆ పంపిణీ ఫొటోల్లో ఉంది. దానికి మాత్రం మనకు ఎన్నడూ మొహమాటం కలగలేదు.

కిందటి రంజాన్‌కు ముందు మా కమిటీలో ఈ చర్చ రెండు రాత్రులు నడిచింది. మా ఖజానా చూసే పెద్దాయన, ఇస్తే ఇచ్చేయాలె మౌల్సాబ్, ఈ ఎంక్వయిరీలెందుకు అని లేచిపోయారు. మర్నాడు ఆయనే వచ్చి, లిల్లాహ్ పద్దులోంచి అయితే సంతకం పెడతా అన్నారు. డిగ్రీ చదివే ఇద్దరు అమ్మాయిలకు ఫోను రీఛార్జి చేయించి, ఒక నోటు పుస్తకం ఇచ్చాం. గత నాలుగేళ్లలో మేం సాయం చేసిన ఇళ్లకు మూడు ప్రశ్నలు. అందిందా? ఇప్పుడు అది ఎక్కడుంది? మళ్లీ ఇస్తే ఏది ముందు కావాలి?

ఏళ్లుగా మేం గొప్పగా చెప్పుకునేది కుట్టుమిషన్ల పంపిణీ. భర్త పోయిన ఆడవాళ్లకు, పిల్లలను సాకుకోవడానికి. పుస్తకం తెచ్చి చూపించారు అమ్మాయిలు. మిషన్ మీద ఇప్పటికీ కుడుతున్నవాళ్లు ఉన్నారు, అల్‌హమ్‌దులిల్లాహ్. కానీ ఒకే గల్లీలో మేం అయిదుగురికి మిషన్లు ఇచ్చాం. అయిదుగురికీ సరిపడా కుట్టుపని ఆ గల్లీలో లేదు. రెండు మిషన్లు కుదువ దుకాణంలో ఉన్నాయి. అందులో ఒకామెను ఏది ముందు కావాలి ఆపా అని అడిగితే కాసేపు మాట్లాడలేదట. తరువాత అందట, బేటా, మిషన్ సంగతి మౌల్సాబ్‌కు చెప్పకు, బిడ్డ ఇంటర్ ఫీజు బాకీ ఉంది, హాల్ టికెట్ ఇస్తలేరు, అది కట్టమను చాలు అని. పరీక్షలకు అప్పటికి పదకొండు రోజులుంది. ఫీజు కట్టాం. ఆ పిల్ల పరీక్ష రాసింది.